ఏడిపించి ఇంటికి పంపిన ధర్మవరం వకీలు

మడకశిర బస్టాండులో తెల్లారకముందే బెంగళూరు బస్సు కోసం నిలబడ్డారా? బ్యాగులో రెజ్యూమే, ఇంకో జత బట్టలు. నేనూ నిలబడ్డాను, చాలాసార్లే. చదువుకున్నోళ్లు ఇక్కడి నుంచి కన్నడ ఊరికి బతుకుతెరువు కోసం పోవడం మనతో మొదలు కాలేదు. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా మన తాలూకా కూడా బళ్లారి జిల్లాలోదే.

1853లో ధర్మవరంలో పుట్టిన రామకృష్ణమాచార్యులు కూడా అలాగే బళ్లారి చేరి వకీలుగా స్థిరపడ్డారు. గ్రూప్స్ మెటీరియల్లో ఈయన ఒక బిట్టు: ఆంధ్ర నాటక పితామహుడు ఎవరు? టిక్ పెట్టేసి ముందుకెళ్లిపోతాం. కానీ ఆ బిట్టు వెనకాల ఒక తెగువ ఉంది.

అప్పట్లో ధార్వాడ నుంచి నాటక కంపెనీలు ఊరూరా తిరిగేవి. వాటిని చూసి తెలుగువాళ్లకూ ఆ మోజు పట్టింది. ఆచార్యులుగారు స్నేహితులతో కలిసి సరస వినోదిని సభ పెట్టారు. అందులో ఉన్నది పొట్టకూటి కోసం ఆడేవాళ్లు కాదు, పగలు వేరే పని ఉన్నవాళ్లు. నాటకం రాయడం, నేర్పడం, వేషం కట్టడం అన్నీ ఆయనే. చిత్రనళీయం, పాదుకా పట్టాభిషేకం, ప్రహ్లాద... మొత్తం ముప్పై దాకా రాశారు. పద్యాలకు తోడు పాటలు కూడా పెట్టారు. నాటకంలో ఇన్ని పాటలా అని పండితులు ముఖం చిట్లించినా, జనం మాత్రం పాడుకుంటూ ఇంటికి పోయారు.

అసలు గొడవ విషాద సారంగధరతో వచ్చింది. కథ మీకు తెలిసే ఉంటుంది. రాజరాజ నరేంద్రుడి చిన్న భార్య చిత్రాంగి సవతి కొడుకు సారంగధరుడి మీద మనసు పడుతుంది. అతను కాదనేసరికి రాజు దగ్గర నింద వేస్తుంది. రాజు విచారణ లేకుండానే కొడుకు కాళ్లూ చేతులూ నరకమంటాడు. పాత కథలో చివరికి సిద్ధుడొచ్చి కాళ్లూ చేతులూ తిరిగి రప్పిస్తాడు. ఆచార్యులుగారు ఆ ముగింపు తీసేశారు. పోయింది పోయినట్టే.

ఇది ఎంత పెద్ద సంగతో ఇప్పుడు మనకు అర్థం కాదు. నాటకం మంగళంగా ముగియాలి, రంగం మీద చావు చూపించకూడదు అన్నది సంస్కృత సంప్రదాయం. భాసుడి ఊరుభంగం లాంటిది ఒకటుందని చూపించి సమర్థించుకుందామన్నా, ఆ తాళపత్రాలు కేరళలో బయటపడింది 1910 ప్రాంతంలో! పేరులోనే విషాదం అని పెట్టి తెలుగులో తొలి విషాదాంత నాటకం ఆడించడమంటే, శాస్త్రం చదువుకున్నవాళ్లతో నేరుగా తగువు పెట్టుకోవడమే.

ఎందుకు చేశారు? ఇంగ్లీషు చదువుతో వచ్చిన షేక్‌స్పియర్ ప్రభావం అంటారు. అదీ ఉండొచ్చు. నాకు మాత్రం ఇందులో వకీలు కనిపిస్తాడు. సిద్ధుడొచ్చి అంతా సరిచేస్తే రాజు తప్పు కూడా మాసిపోతుంది. ఒకవైపు మాట మాత్రమే విని తీర్పు చెప్పినవాడు చివర్లో తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు. కోర్టులో అలా తీర్పు పడ్డాక ఏ సిద్ధుడూ రాడని రోజూ కోర్టు మెట్లెక్కేవాడికి తెలియదా?

1891లో సభ మద్రాసు వెళ్లి నాటకాలాడింది. వాటిని చూసినవాళ్లలో పమ్మళ్ సంబంధ ముదలియార్ ఒకరు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు కూడా పరువు పోకుండా వేషం కట్టొచ్చని ఆయనకు అక్కడే తెలిసింది. అదే ఏడు సుగుణ విలాస సభ మొదలుపెట్టారు. తమిళ ఔత్సాహిక నాటకరంగానికి అదే పునాది. బళ్లారి తెలుగు వకీలు మద్రాసు తమిళుణ్ణి కదిలించాడన్నమాట!

బళ్లారిలోనే ఆయనకు పోటీ కూడా తయారైంది. కోలాచలం శ్రీనివాసరావు అనే ఇంకో వకీలు సుమనోరమ సభ పెట్టి చరిత్ర నాటకాల వైపు వెళ్లారు. ఒకే ఊరు, ఒకే వృత్తి, రెండు సభలు. ఆ ఊరి జనం అదృష్టవంతులు.

ఆచార్యులుగారు 1912లో కన్నుమూశారు. ఆయన మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు కూడా మామలాగే బళ్లారిలో వకీలయ్యారు, నాటకాలూ ఆడారు. ఆయనే బళ్లారి రాఘవ. మామ కాలంలో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. రాఘవ చదువుకున్న స్త్రీలను రంగం మీదికి తెచ్చి ఇంకో తగువు నెత్తినేసుకున్నారు.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఇంటర్వ్యూకో, స్నేహితుడి పెళ్లికో ఎప్పుడైనా బళ్లారి వెళ్తే, రాఘవ కళామందిరం ఎక్కడని అడగండి. కన్నడంలోనే దారి చెప్తారు.