డిగ్రీ లేని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ

మన జివతి కొండలు ఒకప్పుడు నిజాం సంస్థానంలో ఉండేవి. ఆ సంస్థానంలోని పక్షులను 1931–32లో సర్వే చేసింది సలీం అలీ.

1896లో బొంబాయిలో పుట్టిన ఆయన చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. డిగ్రీ లేనందున ప్రభుత్వంలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం దక్కలేదు. జర్మనీలో శిక్షణ పొంది వచ్చినా 1930లో ఖాళీగానే ఉన్నారు. ఆ రోజుల్లోనే సముద్రతీరంలోని కిహిం గ్రామంలో గిజిగాళ్లను ఓపిగ్గా గమనించారు. మగపక్షి గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి చూసి, గూడు నచ్చితేనే జతకడుతుంది. తర్వాత మగది ఆ గూడు పూర్తిచేసి, మరో ఆడపక్షి కోసం ఇంకోటి మొదలుపెడుతుంది. ఈ పరిశోధనే ఆయనకు పేరు తెచ్చింది.

1976లో పద్మవిభూషణ్ అందుకున్న ఆయన 1987లో కన్నుమూశారు. మన చేల దగ్గర గిజిగాడి గూడు కనిపిస్తే పిల్లలతో కాసేపు ఆగి చూద్దాం. డిగ్రీ లేని ఆయన చదివిన పాఠం అదే.