వజ్రాన్ని కొలిచిన శాస్త్రజ్ఞుడు

వజ్రం తెలుగునేలకు కొత్త వస్తువు కాదు. కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన రాళ్లు గోలకొండ వజ్రాలన్న పేరుతో దేశదేశాలకు వెళ్లాయి. రాజులు వాటిని కిరీటాలలో పొదిగించుకున్నారు. వర్తకులు తూచి వెల కట్టారు. కాని వజ్రాన్ని నొక్కితే అది ఎంతవరకు లొంగుతుంది, దాని లోపలి అణువుల అమరిక ఎలాంటిది అని ఆలోచించినవారు చాలా తక్కువ. ఆ ప్రశ్నను తీసుకొని, యుద్ధకాలపు ఇబ్బందుల మధ్య, ఉన్న కొద్దిపాటి పరికరాలతో జవాబు వెతికిన తెలుగు శాస్త్రజ్ఞుడు సూరి భగవంతం.

భగవంతంగారు 1909 అక్టోబరు 14వ తేదీన అప్పటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించారు. ఉన్నత విద్య కోసం హైదరాబాదు వెళ్లి నిజాం కళాశాలలో చేరారు. ఆ రోజుల్లో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అక్కడ భౌతికశాస్త్రం ముఖ్యాంశంగా బి.ఎస్‌సి. పట్టం పొందారు. మంచి మార్కులతో పట్టం పుచ్చుకున్న యువకులు ఆ కాలంలో సర్కారు కొలువుల వైపు చూసేవారు. భగవంతం మాత్రం కలకత్తా వైపు చూశారు.

అందుకు కారణం ఉంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో చంద్రశేఖర వెంకట రామన్ ఒక గొప్ప విషయాన్ని కనుగొన్నారు. కుండ కొనేటప్పుడు మనం వేలితో తట్టి చూస్తాం. ఆ చప్పుడును బట్టి కుండ గట్టిదో బీటలు వారినదో తెలుస్తుంది. రామన్ చేసినది కూడా ఇంచుమించు అటువంటిదే. ఆయన వేలికి బదులు కాంతిని ఉపయోగించారు. ఒకే రంగు కాంతిని ఒక పదార్థంపై పడనిస్తే, చెదిరి వచ్చే కాంతిలో కొద్ది భాగం రంగు మార్చుకొని వస్తుంది. ఆ మార్పు ఎంతో కొలిస్తే, పదార్థం లోపలి అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. దీనినే రామన్ ఫలితం అంటారు. దీనికే 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి లభించింది.

భగవంతం 1928లోనే రామన్ దగ్గర పరిశోధకుడుగా చేరారు. అప్పటికి ఆయన వయస్సు 19 ఏళ్లకు మించదు. గురువు కనుగొన్న కొత్త దారి అప్పుడే తెరుచుకున్నది. ఏ పదార్థాన్ని పరీక్షించినా కొత్త సంగతి బయటపడుతున్న రోజులవి. భగవంతం వాయువులను, ద్రవాలను, స్ఫటికాలను పరీక్షించారు. 1930లో వజ్రం మీద తన పరిశోధనను ప్రకటించారు. వజ్రంలో ఉన్నది ఒక్క కర్బనమే. అణువులన్నీ ఒకే పద్ధతిలో, ఒకే దూరంలో అమరి ఉంటాయి. అందువల్ల వజ్రం నుంచి చెదిరిన కాంతిలో ఒకే ఒక స్పష్టమైన గీత ప్రధానంగా కనిపిస్తుంది. శాస్త్రజ్ఞుల లెక్కలో ఆ గీత సంఖ్య 1332. ఈ సంఖ్యను గుర్తు పెట్టుకోండి. పాఠం చివర మళ్లీ దీనితో పని ఉంది. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతికణాలకు ఒక విధమైన భ్రమణ గుణం ఉన్నదని ప్రయోగం ద్వారా చూపారు.

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. అది 1926లో స్థాపించిన కొత్త విశ్వవిద్యాలయం. సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు దానికి ఉపాధ్యక్షులు. కలకత్తాలో ఉన్నంత పేరుగాని, సౌకర్యాలుగాని అక్కడ లేవు. భగవంతం విద్యార్థులకు పాఠాలు చెబుతూనే వారిని పరిశోధనలోకి దింపారు. కొద్ది సంవత్సరాలలోనే వాల్తేరు భౌతికశాస్త్ర శాఖ పేరు విదేశీ పత్రికలలో కనిపించసాగింది. 1940లో కాంతి పరిక్షేపణం గురించి, రామన్ ఫలితం గురించి ఆయన రాసిన గ్రంథం అచ్చయింది.

భగవంతం పరిశోధనలు పైకి చూస్తే వేరువేరు రంగాలకు చెందినవిగా కనిపిస్తాయి. కాంతి, ధ్వని, స్ఫటికాలు, అయస్కాంత గుణాలు, గణితం - అన్నింటినీ ఆయన తాకారు. అయితే వీటన్నింటినీ కలిపే దారం ఒకటి ఉంది. దాని పేరు సౌష్ఠవం. మీ ఇంటి ముందు వేసే ముగ్గును తలచుకోండి. నాలుగు వైపులా ఒకే విధంగా ఉన్న ముగ్గును పావువంతు తిప్పినా అది మునుపటిలాగే కనిపిస్తుంది. అటువంటి ముగ్గులో ఒక మూల గీస్తే చాలు, మిగిలిన మూడు మూలలూ ఎలా ఉంటాయో చెప్పవచ్చు. స్ఫటికాలలోని అణువుల అమరిక కూడా ఇటువంటిదే. వస్తువులో సౌష్ఠవం ఎంత ఎక్కువైతే, దాన్ని తెలుసుకోవడానికి మనం కొలవవలసినవి అంత తగ్గిపోతాయి.

దీనికి మంచి ఉదాహరణ వజ్రమే. ఏ ఘనపదార్థాన్నయినా నొక్కితే కొంచెం కుదించుకుపోతుంది. వదిలితే తిరిగి మునుపటి రూపానికి వస్తుంది. దీనిని స్థితిస్థాపకత అంటారు. సౌష్ఠవమే లేని స్ఫటికం ఒత్తిడికి ఎలా లొంగుతుందో పూర్తిగా చెప్పాలంటే 21 సంఖ్యలు కావాలి. వజ్రం నిండు సౌష్ఠవం గలది. దానికి 3 సంఖ్యలు చాలు. ఈ లెక్క గణితంలోని సమూహ సిద్ధాంతం ద్వారా తేలుతుంది. గణితశాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడుతో కలిసి, ఆ సిద్ధాంతం భౌతికశాస్త్రానికి ఎలా ఉపయోగపడుతుందో వివరిస్తూ భగవంతం ఒక గ్రంథం రాశారు. అది 1948లో వెలువడింది.

అయితే 3 సంఖ్యలు చాలునని కాగితం మీద తేల్చడం వేరు, ఆ సంఖ్యలను కొలిచి చూపడం వేరు. వజ్రాన్ని నొక్కి కొలవడం తేలిక కాదు. అది దాదాపు లొంగదు. పైగా ప్రయోగానికి దొరికే వజ్రాలు చాలా చిన్నవి. అప్పుడే మరొక కష్టం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. విదేశాల నుంచి పరికరాలు రావడం కష్టమైంది. పరిశోధనలు ఆపి యుద్ధం ముగిసేవరకు వేచి ఉన్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. భగవంతం మాత్రం ఆపలేదు.

ఆయన, జె. భీమసేనాచార్ కలిసి ఒక ఉపాయం పన్నారు. క్వార్ట్జ్ పలకకు విద్యుత్తును అందిస్తే అది కంపించి, మన చెవికి వినిపించని అతిధ్వనులను పుట్టిస్తుంది. పలక మందంగా ఉంటే కంపనాలు తగ్గుతాయి, పలుచగా ఉంటే పెరుగుతాయి. మామూలుగా ఒక్కొక్క కంపనానికి ఒక్కొక్క పలక కావాలి. వీరు ఒకవైపు మందంగా, మరొకవైపు పలుచగా ఉండే ఒకే పలకను తీసుకున్నారు. ఎక్కడ ఎంత మందం ఉన్నదో అక్కడ అందుకు తగిన కంపనం పుడుతుంది. అంటే ఒక్క పలకతోనే ఎన్నో పలకల పని జరుగుతుంది. ఆ పలకపై స్ఫటికపు ముక్కను ఉంచి, దానిగుండా ఏ ధ్వని బాగా సాగిపోతున్నదో పరిశీలించారు. దానిని బట్టి స్ఫటికంలో ధ్వని వేగం తెలుస్తుంది. వేగమూ, సాంద్రతా తెలిస్తే స్థితిస్థాపకతను లెక్కకట్టవచ్చు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వజ్రంలో అది సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. వజ్రం ఎంత బిగువైనదో దీనిని బట్టి ఊహించవచ్చు.

1944లో ఈ ఫలితాలను క్లుప్తంగా ప్రకటించారు. 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రిక పూర్తి వివరాలను అచ్చువేసింది. వజ్రం స్థితిస్థాపకతకు చెందిన 3 సంఖ్యలను మొట్టమొదట కొలిచి చెప్పినవారు ఈ ఇద్దరే. గిగాపాస్కల్ అనే కొలమానంలో చెబితే ఆ సంఖ్యలు 950, 390, 430. ఇనుముకు ఇందులో మొదటి సంఖ్య సుమారు 230 మాత్రమే.

ఈ కథ ఇంతటితో ముగియలేదు. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మెక్‌స్కిమిన్, బాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మరింత మెరుగైన పరికరాలతో మళ్లీ కొలిచారు. వారికి వచ్చిన సంఖ్యలు 1076, 125, 576. మొదటి సంఖ్యలో తేడా కొద్దిదే. రెండో సంఖ్య మాత్రం మూడోవంతుకు తగ్గిపోయింది. దీనివల్ల మొదటివారి శ్రమ వృథా అయినట్లా? కాదు. ఏమి కొలవాలో, ఎన్ని సంఖ్యలు కొలవాలో, ధ్వనితో ఎలా కొలవవచ్చో వారు చూపారు. తరువాతివారు వాటిని సరిదిద్దారు. విజ్ఞానశాస్త్రం ఈ విధంగానే పెరుగుతుంది. అందులో ఎవరి మాటా చివరి మాట కాదు. కాని మొదటి అడుగు వేసినవారు లేకపోతే రెండో అడుగు పడదు.

స్వాతంత్ర్యం వచ్చాక భగవంతం జీవితం మరొక మలుపు తిరిగింది. 1948లో లండన్‌లోని భారత హైకమిషన్‌లో విజ్ఞానశాస్త్ర వ్యవహారాలు చూసే అధికారిగా వెళ్లారు. తిరిగి వచ్చి హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. 1952 నుంచి 1957 వరకు దానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఉర్దూ మాధ్యమం నుంచి ఇంగ్లీషు మాధ్యమానికి మారిన ఆ విశ్వవిద్యాలయం అప్పుడు కొత్తగా నిలదొక్కుకుంటున్నది.

ఈ విషయం నాందేడ్ జిల్లా పిల్లలకు పరాయిది కాదు. గోకుంద ఉన్న కిన్వట్ తాలూకా అప్పట్లో హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాలను పునర్విభజించినప్పుడు అది బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. 1958లో అప్పటి ఔరంగాబాదులో విశ్వవిద్యాలయం వచ్చేవరకు మరాఠ్వాడా కళాశాలలకు ఉస్మానియాయే విశ్వవిద్యాలయం. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడే విద్యార్థులందరికీ అది ఉమ్మడి విద్యాలయంగా ఉండేది. అటువంటి సంస్థను నడిపినవారు భగవంతం.

1957లో ఆయన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరు అయ్యారు. 1937 వరకు గురువు రామన్ కూర్చున్న పీఠమది. ఇరవై ఏళ్ల తరువాత శిష్యుడు దానిని అలంకరించారు. 1961లో ఆయన రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. దేశ రక్షణ పరిశోధనా సంస్థ బాధ్యతను 1969 వరకు వహించారు. ఆ కాలంలోనే 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు వచ్చాయి. యుద్ధ సామగ్రికి ఇతర దేశాలపై ఆధారపడడం ఎంత ప్రమాదమో తెలిసివచ్చింది. 1963లో హైదరాబాదులో రక్షణ లోహ పరిశోధనశాల ఏర్పడింది.

పదవులు పెరిగేకొద్దీ సొంత ప్రయోగాలకు తీరిక తగ్గుతుంది. భగవంతం విషయంలోనూ అదే జరిగింది. అయినా ఆయన చదువును విడిచిపెట్టలేదు. రక్షణ పరిశోధనల భారం మోస్తున్న రోజుల్లోనే, 1966లో, స్ఫటికాల సౌష్ఠవానికీ వాటి భౌతిక గుణాలకూ ఉన్న సంబంధాన్ని వివరించే గ్రంథాన్ని వెలువరించారు. యువకుడుగా పట్టుకున్న దారాన్ని ఆయన చివరిదాకా వదలలేదు. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు 1332 అనే సంఖ్య దగ్గరికి వద్దాం. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో గొప్ప ఒత్తిడి, వేడిమి ఉపయోగించి కృత్రిమ వజ్రాలు తయారుచేశారు. తరువాత మీథేన్, హైడ్రోజన్ వాయువుల నుంచి వజ్రాన్ని పలుచని పొరగా పెంచే పద్ధతి వచ్చింది. వజ్రం రాగి కంటే అయిదు రెట్లు వేగంగా వేడిని తనగుండా పోనిస్తుంది. అందువల్ల ఈ పొరలను వేడెక్కే ఎలక్ట్రానిక్ పరికరాలలోనూ, కోత పనిముట్లలోనూ వాడుతున్నారు. అయితే పెరిగినది వజ్రమా, లేక నల్లని గ్రాఫైటా? రెండూ కర్బనమే కదా! దానిపై ఒక కాంతి కిరణాన్ని పడనిచ్చి చూస్తారు. 1332 దగ్గర సన్నని, స్పష్టమైన గీత కనిపిస్తే అది వజ్రం. కలకత్తాలో రామన్ శిష్యులు చూసిన గీత ఈనాడు ప్రపంచమంతటా వజ్రానికి గుర్తింపు చిహ్నంగా నిలిచింది.

ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదులో చదివి, కలకత్తాలో నేర్చుకొని, వాల్తేరులో నేర్పి, బెంగళూరులో, ఢిల్లీలో సేవ చేసిన భగవంతం జీవితం మనకు ఒక విషయం చెబుతుంది. పుట్టిన చోటు, పనిచేసే చోటు వేరైనా విద్యకు హద్దులు లేవు. పరికరాలు లేవని, కాలం అనుకూలంగా లేదని ఆగిపోనక్కరలేదు. ఉన్నవాటితో సరిగా ఆలోచించి కొలిచిన కొలత, తరువాత సవరణ పొందినా, విజ్ఞానానికి మెట్టుగా మిగిలిపోతుంది.

అభ్యాసము

1. భగవంతం కలకత్తా వెళ్లడానికి కారణమేమి?
2. ముగ్గు ఉదాహరణతో సౌష్ఠవం అంటే ఏమిటో వివరించండి.
3. యుద్ధకాలంలో భగవంతం, భీమసేనాచార్ వజ్రాన్ని ఎలా కొలిచారు?
4. 1957లో సంఖ్యలు మారినా మొదటి పరిశోధన విలువ తగ్గలేదని ఎందుకు అంటున్నాం? మీ మాటల్లో రాయండి.
5. మీ ఊరు 1956కు ముందు ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉండేదో పెద్దలను అడిగి తెలుసుకోండి.