మాడపాటివారు – వెట్టి చాకిరి

1945 వఱకు సికింద్రాబాదు ఆంగ్లేయుల పాలనలో నుండెను. ఆ పొలిమేర దాటి నిజాము పల్లెలలో నడుగిడినచో వెట్టియే చట్టము. దొర పొలము దున్నవలెను, అధికారి మూట మోయవలెను, కూలి యడుగరాదు.

దీనిపై కలము పట్టిన మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1885లో జన్మించిరి. న్యాయశాఖలో అనువాదకులుగ నుండి పిదప వకీలైరి. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘమునకు ప్రాణమై, వెట్టిని గూర్చి తెలుగున చిన్న పొత్తమును వెలువరింపించిరి. సర్కారు ఉత్తర్వు ఉర్దూలో కచ్చేరి బీరువాయందున్నంత కాలము పాలేరుకు దానివలన ఫలమేమి? ఈ సంగతి వకీలుకు దెలిసినట్లు వేఱొకరికి దెలియదు. 1951లో వారికి లభించిన హైదరాబాదు మేయరు పదవికంటె ఈ చిన్న పొత్తమే మాకు గొప్పగ దోచుచున్నది.

1935లో సిరిసిల్ల ఆంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు. మఱుసటి యేట, అప్పు తీఱుటకై చాకిరి చేయు భగేలాల ఒడంబడికలను నియంత్రించు శాసనము వచ్చెను. కాని అప్పు లెక్క వ్రాయువాడు దొర. చదువ నేరనివాడు భగేలా. శాసనము చాలవఱకు కాగితముననే నిలిచెను.

పంతులుగారు 1970లో గతించిరి. కట్టుబానిసల అప్పులను కొట్టివేసిన పార్లమెంటు చట్టము 1976లో వచ్చెను.