చవిటినేల చెట్లకు బొమ్మ కట్టించిన సామర్లకోట డాక్టరు

నేటి కాకినాడ జిల్లా సామర్లకోటలో 1781 నుంచి పన్నెండేళ్లపాటు ఒక తెల్లదొర ఉండేవారు. పేరు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్‌లో 1751లో పుట్టి, ఎడింబరోలో వైద్యం చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చారు. ఉద్యోగం రోగులను చూడడం. మనసు మాత్రం చెట్ల మీద.

1787లో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచింది. వేలమంది కొట్టుకుపోయారు. ఇంజరం దగ్గర రాక్స్‌బర్గ్ పుస్తకాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు నీటిపాలయ్యాయి. మరొకరైతే మూటాముల్లె సర్దుకునేవారే. ఆయన మళ్లీ మొదటినుంచి సేకరించారు. మన దేశపు చిత్రకారులచేత బొమ్మలు వేయించారు. మొక్కల తెలుగు పేర్లు అడిగి రాసుకున్నారు.

ఉప్పెన నీరు నిలిచిన పొలం ఏమవుతుందో తీర రైతుకు వేరే చెప్పాలా? చవుడు తేలుతుంది. అలాంటి నేలనూ తట్టుకునే వరగోగు చెట్టు ఆ బొమ్మల్లో ఉంది. రాజస్థాన్, అరబ్బు ఎడారుల్లోనూ ఇది పెరుగుతుంది. అరబ్బులు దీని పుల్లతోనే పళ్లు తోముకుంటారు. దీని ఆకు మందంగా, కండపట్టి ఉంటుంది. వేరు పీల్చిన ఉప్పు ఆకులోకి చేరితే, అక్కడి నీటిలో పలచబడి కణాల లోపలి అరల్లో ఉండిపోతుంది. అందుకే ఆకు మాడదు.

దసరాకు మనం మొక్కే జమ్మి కూడా ఆ బొమ్మల్లో ఉంది. ఇదీ రాజస్థాన్ ఎడారి చెట్టే. చవుడును వరగోగు అంతగా కాకపోయినా కొంత ఓర్చుకుంటుంది. తల్లివేరు చాలా లోతుకు దిగుతుంది. చిట్టి ఆకులు నీటిని పొదుపు చేస్తాయి. వానకోసం ఎదురుచూడకుండా వేసవి ముంగిటే చిగురు వేస్తుంది. ఈ కిటుకులు తర్వాతి శాస్త్రజ్ఞులు తేల్చినవి. రాక్స్‌బర్గ్ ఆకు, పువ్వు, కాయ ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టారు.

1789 నుంచి 1792 వరకు ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు. సామర్లకోటలో రోజూ వాన, ఎండ, గాలి లెక్కలు రాసుకున్న మనిషి, జనం ఆకలితో రాలిపోవడమూ చూశారు. కరువులో కడుపు నింపే తాటి, కొబ్బరి, పనస వంటి చెట్లు విరివిగా నాటించాలని కంపెనీ దొరలకు రాశారు. దొరలకు కావలసింది మిరియాలు, నీలిమందు.

1793లో కలకత్తా తోట పెద్దగా వెళ్లారు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వెలువడింది. చివరి భాగం 1820లో వచ్చింది. అప్పటికి ఐదేళ్ల కిందటే, 1815లో, ఆయన ఎడింబరోలో కన్నుమూశారు.