ట్రాక్టర్ క్లచ్‌తో మొదలైన సూపర్ కార్.. ఫెరూచియో లాంబోర్గిని కథ తెలుసా?

రోడ్డు మీద లాంబోర్గిని కనిపిస్తే చాలు.. ఫోన్లన్నీ వీడియో మోడ్‌లోకి వెళ్లిపోతాయి. ఆ సౌండ్, ఆ షేప్, డోర్ పైకి లేచే స్టైల్.. రీల్స్‌లో ఈ కారుకున్న క్రేజే వేరు. కానీ ఆ పేరు వెనకున్న మనిషి మొదట అమ్మింది కార్లు కాదు, ట్రాక్టర్లు. ఆయన కార్ల కంపెనీ పెట్టడానికి అసలు కారణం స్పీడ్ మీద పిచ్చి కూడా కాదు. ఖరీదు పెట్టి కొన్న కారు మాటిమాటికీ షెడ్డుకు వెళ్లడం, వెళ్లిన ప్రతిసారీ బిల్లు వాచిపోవడం!

ఏనుగును కొనగలం గానీ మేపగలమా అని మన పెద్దోళ్లు ఊరికే అనలేదు. ఈ రోజు సెకండ్ హ్యాండ్‌లో సూపర్ కార్ కాస్త తక్కువకే వస్తోందని ఆశపడేవాళ్లకి ఎదురయ్యే సమస్య కూడా ఇదే. సరిగ్గా ఈ తలనొప్పి నుంచే లాంబోర్గిని అనే బ్రాండ్ పుట్టింది. ఇంతకీ ఆయన ఎవరు? అసలేం జరిగింది?

ద్రాక్ష తోటల నుంచి వర్క్‌షాప్‌కి..

ఫెరూచియో లాంబోర్గిని 1916 ఏప్రిల్ 28న ఇటలీలోని రెనాజ్జో అనే చిన్న ఊళ్లో పుట్టారు. అమ్మానాన్నలు రైతులు, ద్రాక్ష పండించేవాళ్లు. కొడుకు కూడా పొలం చూసుకుంటాడనుకుంటే, ఆయన మనసంతా పొలంలో తిరిగే యంత్రాల మీదే ఉండేది. బొలోన్యా దగ్గర టెక్నికల్ చదువు చదివారు.

1940లో ఇటలీ వైమానిక దళంలో మెకానిక్‌గా చేరాల్సి వచ్చింది. పోస్టింగ్ గ్రీస్ వైపున్న రోడ్స్ దీవిలో. అక్కడ వాహనాలు బాగుచేయడమే డ్యూటీ. చుట్టూ సముద్రం, పైగా యుద్ధం.. కావాల్సిన స్పేర్ పార్ట్ ఎక్కడి నుంచీ రాదు. ఉన్నదాంతోనే బండి నడిపించాలి. ఈ అలవాటే తర్వాత ఆయనకి కోట్లు తెచ్చిపెట్టింది. 1945లో దీవి బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చాక ఖైదీగా ఉండి, ఆ మరుసటి ఏడాది ఇంటికి చేరారు.

ఇంటికొచ్చాక పియేవే ది చెంతో అనే ఊళ్లో ఒక గ్యారేజ్ పెట్టారు. 1947లో కొడుకు తొనీనో పుట్టినప్పుడు భార్య క్లేలియా చనిపోయారు. చేతిలో పసిబిడ్డ, బయట యుద్ధంలో చితికిపోయిన దేశం. అలాంటి టైమ్‌లో ఆయన కంట్లో పడింది ఒక్కటే.. చుట్టుపక్కల రైతులకి ట్రాక్టర్లు కావాలి, కానీ కొనే స్తోమత లేదు.

యుద్ధం అయిపోయాక మిలిటరీ వదిలేసిన ట్రక్కులు, ఇంజిన్లు చవగ్గా దొరికేవి. అందులో మోరిస్ ట్రక్కు ఇంజిన్లు తీసుకుని ట్రాక్టర్లు కట్టడం మొదలుపెట్టారు. అప్పట్లో పెట్రోల్ బాగా ఖరీదు. అందుకని పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, ఆ తర్వాత చవకైన డీజిల్ మీద నడిచేలా ఒక పరికరం అమర్చారు. రైతుకి ఇంతకంటే ఏం కావాలి? 1948లో ట్రాక్టర్ల కంపెనీ మొదలైంది. పాత సామాన్లతో, తక్కువ ఖర్చుతో నడిచే బండి.. లాంబోర్గిని పేరుతో మార్కెట్‌లోకి వచ్చిన మొదటి వస్తువు ఇదీ!

అదే ఏడాది ఓ సరదా కూడా తీర్చుకున్నారు. చిన్న ఫియట్ టోపొలీనో కారుని తన చేత్తోనే మార్చేసి మిల్లే మీలియా రేసులో దిగారు. వెయ్యి కిలోమీటర్లు దాటాక కారు అదుపు తప్పి రోడ్డు పక్కనున్న రెస్టారెంట్ గోడలోకి దూసుకెళ్లింది. ఆ తర్వాత రేసుల మీద ఆయనకి మోజు పోయిందంటారు. చివరిదాకా తన కార్లను రేసింగ్‌కి పంపడానికి ఒప్పుకోలేదు మరి.

ఫెరారీ కొన్నారు.. క్లచ్ చుక్కలు చూపించింది

1950లలో ట్రాక్టర్ల వ్యాపారం ఓ రేంజ్‌లో పెరిగింది. ఆ తర్వాత హీటింగ్ బర్నర్లు, ఏసీ పరికరాల ఫ్యాక్టరీ కూడా వచ్చింది. డబ్బు చేతికొచ్చాక కార్లు కొనడం మొదలైంది. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్, జాగ్వార్ ఈ-టైప్, మాసెరాటి 3500 జీటీ.. ఇలా లిస్ట్ పెద్దదే. 1958లో మొదటి ఫెరారీ కొన్నారు. 250 జీటీ మోడల్. ఆ తర్వాత ఇంకొన్ని ఫెరారీలు కూడా చేరాయి.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఆ కార్లలో క్లచ్ పదే పదే పోయేది. పోయిన ప్రతిసారీ మరనెల్లోలోని ఫెరారీ ఫ్యాక్టరీకి పంపాల్సిందే. కారు లోపలికి తీసుకెళ్లి గంటలకొద్దీ ఉంచుకునేవాళ్లు, రిపేర్ చేస్తుంటే ఓనర్‌ని చూడనిచ్చేవాళ్లు కాదు. తీరా చూస్తే కొన్నాళ్లకి మళ్లీ అదే క్లచ్, అదే గోల.

ఆయనేమో స్వయంగా మెకానిక్. ఊరుకుంటారా? సొంత వర్క్‌షాప్‌లోనే ఫెరారీని విప్పించారు. లోపలున్న క్లచ్ చూసి షాక్! అది తన ట్రాక్టర్లలో వాడే కంపెనీదే. ట్రాక్టర్ల స్టోర్ నుంచి ఇంకాస్త పెద్ద సైజు క్లచ్ తెప్పించి బిగిస్తే సమస్య తీరిపోయిందట. అదే సామాను.. ట్రాక్టర్‌కి ఒక రేటు, ఫెరారీ డబ్బాలో పెడితే ఎన్నో రెట్లు ఎక్కువ రేటు. ఈ తేడానే ఆయన్ని మండించింది. ఇది ఫెరూచియో పెద్దయ్యాక ఇంటర్వ్యూల్లో చెప్పిన కథ.

ఈ విషయం ఎంజో ఫెరారీకి చెప్పడానికి వెళ్తే, ట్రాక్టర్లు నడిపేవాడివి నీకు కార్ల గురించి ఏం తెలుసన్న ధోరణిలో మాట్లాడి పంపేశారని అంటారు. ఈ సీన్‌కి ఎన్ని వెర్షన్లు ఉన్నాయో లెక్కలేదు. ఎవరెలా చెప్పినా ఒకటి మాత్రం నిజం.. 1963లో, 47 ఏళ్ల వయసులో, బొలోన్యాకి దగ్గర్లోని సాంతగాత బొలొనీస్‌లో ఆయన కార్ల ఫ్యాక్టరీ తెరిచారు. కేవలం కోపంతో పెట్టారనుకుంటే పొరపాటే. ట్రాక్టర్ మీద వచ్చే లాభం కన్నా ఖరీదైన కారు మీద లాభం ఎక్కువని లెక్క వేసుకునే రంగంలోకి దిగారు.

ఇంజిన్ లేదు.. బానెట్ కింద ఇటుకలు!

ఒకప్పుడు ఫెరారీలో పనిచేసిన ఇంజినీర్ జియోట్టో బిజ్జారినితో వీ12 ఇంజిన్ డిజైన్ చేయించారు. 1963 చివర్లో టూరిన్ షోలో 350 జీటీవీ అనే మొదటి కారు పెట్టారు. తీరా షో టైమ్‌కి ఇంజిన్ ఆ కారులో పట్టలేదు! దాంతో బరువు కోసం ముందు భాగంలో ఇటుకలు పెట్టి, షో జరిగినన్ని రోజులూ బానెట్ తెరవకుండా మేనేజ్ చేశారట. ఇప్పుడైతే అరగంటలో వీడియో వైరల్ అయ్యేది.

1964లో అమ్మకానికి వచ్చిన 350 జీటీ మాత్రం అసలైన కారే. ఆ ఏడాది తయారైనవి 13. ఒక్కో కారు మీద కంపెనీకి నష్టమే వచ్చింది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు.

అసలు సంచలనం మియురా. జాన్ పాలో దల్లారా, పాలో స్టాంజాని, టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్.. అందరూ కుర్రాళ్లే. డ్యూటీ అయ్యాక ఖాళీ టైమ్‌లో దీని ప్లాన్ గీశారు. వీ12 ఇంజిన్‌ని డ్రైవర్ వెనకాల అడ్డంగా పెట్టాలన్నది ఐడియా. 1965లో టూరిన్ షోలో పైన బాడీ లేకుండా ఒట్టి చాసిస్‌నే పెడితే జనం ఎగబడ్డారు. బెర్టోనే సంస్థలో పనిచేసే మార్సెల్లో గాండినీ బాడీ గీయగా, 1966 జెనీవా షోలో పూర్తి కారు వచ్చింది. సూపర్ కార్ అనే మాట ఇంతగా వాడుకలోకి రావడానికి ఈ కారే కారణమని చాలామంది చెబుతారు. మియురా అనేది స్పెయిన్‌లో పోట్ల ఎద్దుల్ని పెంచే కుటుంబం పేరు. ఫెరూచియో రాశి వృషభం కదా.. లోగోలో ఎద్దు అలా వచ్చింది.

కానీ ఓనర్ల బాధ తెలిసిన మనిషి చేసిన కారులో బాధలు లేవా అంటే.. బోలెడు ఉన్నాయి. మియురా చాలా మోడళ్లలో ఇంజిన్‌కీ, గేర్‌బాక్స్‌కీ ఒకటే ఆయిల్. గేర్లు అరిగి రాలిన ఇనుప రజను నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లే ప్రమాదం ఉండేది. స్పీడ్ పెరిగేకొద్దీ ముందు భాగం తేలిపోయేది. కార్బ్యురేటర్ల నుంచి పెట్రోల్ కారి మంటలు అంటుకున్న మియురాలూ ఉన్నాయి. మొత్తం తయారైనవి 760 పైచిలుకు. ఇప్పుడవి కోట్లు పలుకుతున్నాయి కాబట్టి ఎంత రిపేరైనా చేయిస్తారు. 1970లలో, 80లలో చేతులు మారిన పాత మియురాలకి ఆ అదృష్టం ఎక్కడిది?

అందుబాటు ధరలో లాంబోర్గిని.. ఆయన కల ఇదే

చాలామందికి తెలియని చాప్టర్ ఇది. 1970లో ఫెరూచియో ఉర్రాకో అనే చిన్న కారుని చూపించారు. 2.5 లీటర్ల వీ8 ఇంజిన్, వెనక ఇద్దరు పిల్లలు పట్టే సీట్లు, పోర్షే 911కి పోటీ. మిగతా లాంబోర్గినిల కన్నా తక్కువ ధరకి, ఎక్కువ సంఖ్యలో అమ్మాలన్నది ప్లాన్. కానీ కస్టమర్ల చేతికి రావడానికే రెండేళ్లకి పైగా పట్టింది. అన్ని రకాలూ కలిపి 800 కూడా దాటలేదు.

అందుకే చాలాకాలం పాటు సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి దొరికే లాంబోర్గిని అంటే ఉర్రాకోనే. తక్కువకి దొరుకుతుందని కొన్నవాళ్లకి అసలు సినిమా తర్వాత కనిపించేది. ఆ ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. దాన్ని టైమ్‌కి మార్చకపోతే బెల్ట్ తెగి వాల్వులు, పిస్టన్లు ఢీకొంటాయి. అంతే.. ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. కారు రేటు తగ్గింది గానీ స్పేర్ పార్ట్ రేటు తగ్గదు కదా!

ఇదే లెక్క 2003లో వచ్చిన గల్లార్డోకీ వర్తిస్తుంది. అప్పటికి కంపెనీ ఆడి చేతిలో ఉంది కాబట్టి పాత లాంబోర్గినిల కంటే నమ్మకమైన కారే. పదేళ్లలో 14 వేలకి పైగా తయారవడంతో విదేశాల్లో సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో బాగానే దొరుకుతుంది. అయితే ఈ-గేర్ ఉన్న మోడళ్లలో క్లచ్ పెడల్ ఉండదు, లోపల క్లచ్ మాత్రం మామూలుదే. ట్రాఫిక్‌లో ఇంచులు ఇంచులుగా కదిలిస్తే, ర్యాంప్ మీద రివర్స్ చేస్తే దాని ఆయుష్షు కరిగిపోతుంది. మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి.

అందుకే తెలిసినవాళ్లు కిలోమీటర్ల రీడింగ్ కన్నా ముందు కంప్యూటర్ పెట్టి క్లచ్ ఎంత శాతం అరిగిందో చూస్తారు. సర్వీస్ బిల్లులు వరసగా ఉన్నాయా, కారు కింద ఆయిల్ మరకలున్నాయా అని వెతుకుతారు. కొన్న ధర కాకుండా రిపేర్లకి వేరుగా డబ్బు పక్కన పెట్టుకుంటారు. తక్కువ తిరిగిన కారే మంచిదనుకోవడం కూడా కరెక్ట్ కాదు, ఏళ్లకేళ్లు కదలకుండా నిలబెట్టిన కారులో రబ్బరు సీళ్లు, పైపులు ఎండిపోయి పగుళ్లిస్తాయి. మన దగ్గరైతే ఇంకో చిక్కు ఉంది. వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్ కారైతే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క తేల్చుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకపోవడమే మంచిది. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివార్లలో 2009 మోడల్ గల్లార్డోని తగలబెట్టిన ఘటన గుర్తుందా? అది కూడా అమ్మకం, డబ్బుల గొడవ దగ్గరే మొదలైంది.

సీన్ కట్ చేస్తే.. మళ్లీ పొలంలోకి

1970ల మొదట్లో ఫెరూచియోకి వరస దెబ్బలు తగిలాయి. బొలీవియా నుంచి వచ్చిన భారీ ట్రాక్టర్ల ఆర్డర్ అక్కడ ప్రభుత్వం మారడంతో రద్దయింది. దక్షిణాఫ్రికా ఆర్డర్ కూడా పోయింది. ట్రాక్టర్ల కంపెనీ చివరికి సామే అనే మరో ఇటలీ సంస్థ చేతికి వెళ్లిపోయింది. కార్ల ఫ్యాక్టరీకి డబ్బు ఆ ట్రాక్టర్ల నుంచే కదా వచ్చేది! 1972లో కార్ల కంపెనీలో 51 శాతం వాటాని స్విట్జర్లాండ్ వ్యాపారి జార్జెస్ హెన్రీ రొసెట్టికి అమ్మేశారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి, 12 సిలిండర్ల కార్లంటేనే జనం భయపడే పరిస్థితి వచ్చింది. 1974లో మిగతా వాటా కూడా అమ్మేసి పూర్తిగా తప్పుకున్నారు.

విచిత్రం ఏంటంటే, లాంబోర్గిని అనగానే మనకి గుర్తొచ్చే కౌంటాచ్ 1974లోనే అమ్మకానికి వచ్చింది. 1971లో జెనీవాలో దాని నమూనా చూపించింది ఫెరూచియో హయాంలోనే. రోడ్ల మీదకి వచ్చేసరికి మాత్రం కంపెనీ ఆయన చేతిలో లేదు. ఆ తర్వాత కంపెనీ 1978లో దివాలా తీసింది. చేతులు మారుతూ మారుతూ 1998లో ఆడి దగ్గర ఆగింది.

ఆయన మాత్రం ఆ వైపు చూడలేదు. ఉంబ్రియా ప్రాంతంలో ట్రాసిమెనో సరస్సు పక్కన భూమి కొనుక్కుని ద్రాక్ష తోటలు వేశారు. రైతు కొడుకు మళ్లీ రైతయ్యారు. తన తోటలో తయారైన వైన్‌కి మియురా రక్తం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. కారుని వదిలేసినా ఎద్దుని వదల్లేదన్నమాట!

1993 ఫిబ్రవరి 20న, 76 ఏళ్ల వయసులో పెరూజియాలో కన్నుమూశారు. సొంతూరు రెనాజ్జోలోనే ఖననం చేశారు. కొడుకు తొనీనో 2014లో బొలోన్యా దగ్గర అర్జెలాటోలో తండ్రి పేరుతో ఓ మ్యూజియం తెరిచారు. అక్కడ ఫెరూచియో సొంతంగా నడుపుకున్న మియురా ఎస్‌వీ ఉంది. పాత ట్రాక్టర్లు కూడా అదే కప్పు కింద ఉన్నాయి.