పండితరాయలు – లవంగి

ఆంధ్రదేశమునుండి వెడలి మొగలు పాదుషాల మెప్పువడసిన విద్వాంసులలో జగన్నాథ పండితరాయలు అగ్రగణ్యుడు. ఈతని పూర్వులది కోనసీమయందలి ముంగండ గ్రామము. తండ్రి పేరుభట్టు, తల్లి లక్ష్మి. తండ్రియే గురువై శాస్త్రములు నేర్పెను.

1628 నుండి 1658 వరకు రాజ్యమేలిన షాజహాను ఈతనికి పండితరాజ బిరుదము నొసగెను. పాదుషా మామయగు ఆసఫ్‌ఖానునుగూర్చి ఈతడు ఆసఫవిలాసమును రచించెను.

విద్య పెరిగినకొలది ఈతనికి సాటివారిపై మన్నన తరిగెను. అప్పయ్యదీక్షితుల చిత్రమీమాంసను ఖండించుచు నొక గ్రంథము, భట్టోజీదీక్షితుల ప్రౌఢమనోరమను ఖండించుచు వేరొకటి వ్రాసెను. రసగంగాధరమున నుదాహరణములకు పరుల శ్లోకములను ముట్టక, తనవే కూర్చుకొనెను. గెలిచి గెలిచి విసిగినవానికి మెచ్చదగినవాడు లోకమున కానరాడుగదా!

అట్టివాని హృదయమును హరించినది శాస్త్రగంధ మెరుగని లవంగి యను మహమ్మదీయ కన్య యని జనశ్రుతి. పాదుషా చదరంగమాడుచు దప్పిగొనగా, ఆ బాలిక నీటికుండ నెత్తినిడుకొని వచ్చెనట. ఆమెను వర్ణించిన పండితుని పాదుషా మెచ్చి, వలసినది కోరుకొమ్మనగా, ఏనుగులను గాని ధనమును గాని కోరక ఆమెనే కోరెనట.

పిదప కాశీపండితులు వారిని వెలివేసిరి. దంపతులు గంగయొడ్డున మెట్లపై కూర్చుండిరి. ఆతడు గంగాలహరి చెప్పుచుండ, శ్లోకమునకొక మెట్టు చొప్పున 52 మెట్లెక్కి వచ్చి, గంగ యిరువురను తనలో జేర్చుకొనెనట.

ఈ గాథను పరిశోధకులు పలువురు చరిత్రగా నంగీకరింపరు. జమాఖర్చులు వ్రాసికొను నావంటివాడును రుజువులేని పద్దు నొప్పుకొనరాదు. కాని రుజువైన పద్దులు రెండు కలవు. భామినీవిలాసమున కరుణవిలాస మను భాగమంతయు గతించిన యిల్లాలికై పెట్టిన శోకము. గంగాలహరిలో ఖండనములేదు, వాదములేదు. బిడ్డ తల్లిని పిలిచిన పిలుపే యున్నది. ఇంతటి గర్విష్ఠికి ఆ మెత్తదనము శాస్త్రములవలన వచ్చినది కాదు. ఎవరో ఒక అమాయకురాలు నేర్పియుండవలెనని లోకము తలచి, ఆమెకు లవంగి యని పేరిడినది కాబోలు.

మన గ్రంథాలయమున చదువువచ్చినవారును, చదివించుకొని వినువారును ఒక్క చాపపై కూర్చుందురు. రెండవవారివలన మొదటివారు నేర్చుకొనవలసినది కొంత గలదని పండితరాయల గాథ మనకు తెలుపుచున్నది.