మూసీ వరద – విశ్వేశ్వరయ్య ముందుచూపు

నదీతీరాన వెలసిన నగరానికి నదియే ప్రాణాధారం. ఆ నదియే ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకంగానూ పరిణమిస్తుంది. అట్టి విపత్తు సంభవించినప్పుడు కన్నీరు తుడిచేవారు ఎందరో ఉంటారు. అది మళ్ళీ రాకుండా ఏమి చేయాలని ఆలోచించి, ఆ ఆలోచనను కార్యరూపంలో పెట్టగలవారు మాత్రం అరుదుగా ఉంటారు. అట్టి అరుదైన మేధావి మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్ళి గ్రామంలో జన్మించారు. ఆయన పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామానికి చెందిన తెలుగువారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో పేదరికం ఆ కుటుంబాన్ని చుట్టుముట్టింది. విశ్వేశ్వరయ్య బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పి, వచ్చిన కొద్దిపాటి సొమ్ముతో చదువుకొని 1881లో బి.ఎ. పట్టా పొందారు. పిమ్మట పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి 1883లో ప్రథముడుగా నిలిచారు. మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో సహాయక ఇంజనీరుగా చేరారు.

ఆయన ఉద్యోగ జీవితమంతా నీటితో ముడిపడి సాగింది. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణ ప్రజలు బురదనీరే తాగవలసి వచ్చేది. నీటిని శుద్ధిచేసే పెద్ద యంత్రాంగానికి తగినంత ధనం పురపాలక సంఘం వద్ద లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలోనే బావి తవ్వించి, ఇసుక పొరల గుండా వడకట్టుకొని వచ్చే నీటిని ప్రజలకు అందించారు. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి నీటిమట్టాన్ని బట్టి వాటంతట అవే తెరుచుకొని మూసుకొనే తలుపులను రూపొందించి 1903లో అమర్చారు. 1906లో ఏడెన్ నగరానికి వెళ్ళి అక్కడి మంచినీటి సరఫరాకు, మురుగునీటి పారుదలకు సలహాలిచ్చారు. శుభ్రమైన నీరు అందడం, మురికినీరు తొలగిపోవడం ప్రజారోగ్యానికి రెండు కన్నుల వంటివని ఈ అనుభవాలు ఆయనకు నేర్పాయి.

1908లో ఆయన బొంబాయి ప్రభుత్వ సేవ నుండి విరమించుకొని విదేశయాత్రకు బయలుదేరారు. ఆ ఏడాదే హైదరాబాదు నగరంపై కనీవినీ ఎరుగని విపత్తు విరుచుకుపడింది.

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నది, నగరానికి సమీపంలో ఈసీ నదిని కలుపుకొని నగరం నడుమ ప్రవహిస్తుంది. ఆ సెప్టెంబరు మాసాంతంలో ఎడతెరిపి లేని వర్షాలు కురిశాయి. శంషాబాదులో 24 గంటలలోనే 12.8 అంగుళాల వర్షం నమోదయింది. సెప్టెంబరు 28న మూసీ గట్లు దాటి నగరంలో ప్రవేశించింది. వంతెనలు కూలిపోయాయి. వేలాది ఇండ్లు నేలమట్టమయ్యాయి. రోగులను ఆదుకోవలసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా వరద పాలయింది. ఆ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అంతటి అదృష్టం అందరికీ లేకపోయింది. సుమారు 15,000 మంది ఆ వరదలో అసువులు బాశారని అంచనా.

నాటి పాలకుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ బాధితులకు అన్నవస్త్రాలు, ఆశ్రయం కల్పించారు. ఆకలి తీర్చడం తక్షణ కర్తవ్యం. మరి వచ్చే ఏడు మళ్ళీ వాన కురిస్తే? ఈ ప్రశ్నకు సమాధానం కోసం సంస్థాన ప్రభుత్వం విదేశాలలో ఉన్న విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. ఆయన తన యాత్ర ముగించుకొని 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరారు.

నగరం ఇంకా శోకం నుండి తేరుకోలేదు. వరదను దైవాగ్రహంగా భావించినవారు ఉన్నారు. విశ్వేశ్వరయ్య మాత్రం కొలతలతో పని ప్రారంభించారు. ఎక్కడ ఎంత వాన కురిసింది? ఆ నీరు ఏ దారిన వచ్చింది? నది ఎంత నీటిని మోయగలదు? ఎంత నీరు వచ్చింది? వర్షపు లెక్కలు సేకరించి, నదీ పరీవాహక ప్రాంతాన్ని సర్వే చేయించారు. వరద ఉద్ధృతంగా ఉన్న వేళ సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించిందని తేల్చారు.

ఆ పరిశోధనలో మరొక సత్యం బయటపడింది. నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయి. వాటిలో 221 చెరువులు ఆ వర్షానికి తెగిపోయాయి. పైనున్న చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. దాని కట్ట తెగితే రెండింటి నీరూ కలిసి మూడవదానిపై పడుతుంది. ఈ విధంగా ఆకాశం నుండి పడిన వానకు తెగిన చెరువుల నీరు తోడై నగరాన్ని ముంచెత్తింది. తరతరాలుగా పంటలను పండించిన చెరువులే, కట్టలు నిలువలేకపోయినప్పుడు ప్రమాద హేతువులయ్యాయి. విపత్తులో ప్రకృతి పాలెంతో, మానవుని ఏమరుపాటు పాలెంతో ఈ లెక్క స్పష్టం చేసింది.

1909 అక్టోబరులో ఆయన తన నివేదికను సమర్పించారు. నగరానికి ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు నిర్మించి, వరదనీటిని అక్కడ నిలిపి, నది మోయగలిగినంత మేరకే క్రమక్రమంగా దిగువకు వదలాలని సూచించారు. నగరంలో నది గట్లను ఎత్తుచేసి తీర్చిదిద్దాలన్నారు. అంతటితో ఆగలేదు. మురుగునీరు వీధులలో, నదిలో చేరి రోగాలను వ్యాపింపజేయకుండా భూగర్భ కాలువల ద్వారా నగరం వెలుపలికి తరలించే పథకాన్ని కూడా రూపొందించారు. వరద తీసిన తరువాత వ్యాధులు తలెత్తుతాయి. కనుక వరద నివారణ, పారిశుద్ధ్యం వేర్వేరు పనులు కావని ఆయన గ్రహించారు.

ఆ పథకానికి ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను అదుపు చేయడానికి తలపెట్టిన ఆ జలాశయాలే దశాబ్దాల తరబడి నగరవాసుల దాహం తీర్చాయి. ప్రాణాలు తీసిన నీటినే ప్రాణాలు నిలిపే నీరుగా మార్చిన ఘనత ఆ ప్రణాళికది.

1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళారు. 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. కావేరిపై కృష్ణరాజసాగర్ నిర్మాణానికి సారథ్యం వహించారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న పురస్కారంతో గౌరవించింది. నూరేళ్ళు నిండిన పరిపూర్ణ జీవితం గడిపి 1962 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

అయితే మహనీయులకు నివాళి ఉత్సవాలతోనే పూర్తికాదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో కుండపోత వాన కురిసినప్పుడు నగర దక్షిణ భాగంలో గుర్రం చెరువు, పల్లె చెరువు, అప్ప చెరువు తెగి కాలనీలను ముంచాయి. శతాబ్దం క్రితం విశ్వేశ్వరయ్య లెక్కగట్టి చూపిన ప్రమాదమే మళ్ళీ ఎదురయింది. కట్టలను కాపాడకపోయినా, నీరు పారే దారులలో ఇండ్లు కట్టినా వాన తన దారి తాను వెదుక్కుంటుంది.

నగరం పెరిగినకొద్దీ ప్రమాదాలు కూడా కొత్త రూపాలు ధరిస్తున్నాయి. నగరానికి వాయవ్యాన ఉన్న పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఇందుకు నిదర్శనం. అక్కడి కర్మాగారాల వ్యర్థాలు నక్కవాగును, పరిసర గ్రామాల బావులను కలుషితం చేసిన ఉదంతం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. అదే ప్రాంతంలోని పాశమైలారంలో 2025 జూన్ 30న ఒక ఔషధ పరిశ్రమలో సంభవించిన పేలుడు నలభై మందికి పైగా కార్మికులను బలిగొన్నది. సమీపంలోని అమీన్‌పూర్ పెద్దచెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. ఆ చెరువును, దాని చుట్టూ పెరిగిన కాలనీలను కాపాడుకోవలసిన బాధ్యత నేటి తరానిది.

అందుకు విశ్వేశ్వరయ్య అడిగిన ప్రశ్నలే మార్గదర్శకాలు. వాన పడితే ఏ నీరు ఎటు పోతుంది? ఏ కర్మాగారంలో ఏ రసాయనం ఎంత నిల్వ ఉంది? ప్రమాదం జరిగితే లోపల ఎందరున్నారో చెప్పగల లెక్క ఉందా? క్షతగాత్రులను చేర్చడానికి ఆసుపత్రి ఎంత దూరంలో ఉంది? ఈ ప్రశ్నలను విపత్తు వచ్చిన తరువాత అడిగితే అది విచారణ అవుతుంది. ముందే అడిగితే అది రక్షణ అవుతుంది. ఈ సత్యాన్ని తన జీవితంతో బోధించిన విశ్వేశ్వరయ్య చిరస్మరణీయుడు.